నలుగురి నోట ఒకే కథ: ఆఫీసులో గ్రూప్ ప్రెజెంటేషన్‌కు సమగ్ర మార్గదర్శి

పదకొండో స్లైడు దగ్గర ఎండీగారు చెయ్యెత్తారు. “ఇందాక రోజుకు 40,000 అన్నారు. ఇక్కడ 41,200 అని ఉంది. ఏది నిజం?”

అప్పట్లో నేను ఒక డెయిరీలో పనిచేసేవాణ్ని. నలుగురం కలిసి 28 స్లైడ్లు చేసుకుని వెళ్లాం. ఆయన అడిగిన రెండు అంకెలూ నిజమే. మొదటిది లీటర్లు, రెండోది కిలోలు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కాబట్టి లెక్క చక్కగా కుదురుతుంది కూడా. కాకపోతే పాల సేకరణ చూసే ఆయన కిలోల్లో, ప్యాకింగ్ చూసే ఆవిడ లీటర్లలో ఎవరి స్లైడ్లు వాళ్లు చేసుకున్నారు. చార్టు మీద యూనిట్ రాయడం ఇద్దరూ మరిచిపోయారు. ముందురోజు రాత్రి పదింటికి నాలుగు ఫైళ్లూ తెచ్చి ఒకదానికొకటి అతికించిన నేను వాటిని పక్కపక్కన పెట్టి చదవనే లేదు. లీటర్లూ కిలోలూ వివరించేసరికి పది నిమిషాలు పోయాయి. ఆ తర్వాత మేం చూపించిన ఏ అంకెనూ ఎవరూ నమ్మలేదు. “మళ్లీ కూర్చుందాం” అన్నారు. ఆ ‘మళ్లీ’ వచ్చేసరికి ఎండాకాలం వెళ్లిపోయింది. మేం అడగబోయింది ఎండాకాలంలో పాలు పులియకుండా ఊళ్లలో పెట్టే బల్క్ కూలర్లు!

మాలో మాట్లాడటం రానివాళ్లు ఎవరూ లేరు. దెబ్బ తగిలింది అతుకుల దగ్గర. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు తయారై, ఒకే ఫైల్లో ఉన్నాం కాబట్టి ఒక జట్టు అయిపోయామనుకున్నాం.

బుర్రకథ గుర్తు చేసుకోండి. వేదిక మీద ముగ్గురుంటారు. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, పక్కన డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. అంతేగానీ కథను మూడు ముక్కలు చేసి, తలా పది నిమిషాలు చెప్పి కూర్చోరు. కథ ఒకటే, దాన్ని నడిపేది ఒకరు. మిగిలిన ఇద్దరూ ప్రశ్న వేస్తారు, వంత పాడతారు, జనం మనసులో ఉన్న మాట అడుగుతారు. మరుసటి ఏడాది అదే కూలర్ల విషయాన్ని ఈ పద్ధతిలో తీసుకెళ్లాం. అప్పుడు ఏ వరసలో పని చేశామో, ఆ తర్వాత ఇన్నేళ్లలో దానికి ఏమేం కలుపుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఒక్క వాక్యం

కంప్యూటర్ తెరవకముందే నలుగురూ కూర్చుని ఒక వాక్యం రాయండి. ప్రెజెంటేషన్ అయ్యాక ఎవరు, ఏ పని చేయాలి? “పాల నాణ్యత గురించి” అంటే అది వాక్యం కాదు, ఫైలు పేరు. “సాయంత్రం పాలు ఎక్కువగా పులుస్తున్న ఆరు ఊళ్లలో బల్క్ కూలర్లు పెట్టడానికి ఫిబ్రవరిలోపు ఎండీగారు అనుమతి ఇవ్వాలి.” ఇది వాక్యం. ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా అన్నీ ఇందులో ఉన్నాయి. ఈ ఒక్కదాని మీద మీ నలుగురికీ ఒప్పుదల కుదరడానికి గంట పడితే పట్టనివ్వండి. ఇక్కడ కుదరకపోతే ఆ తేడా ఎండీగారి ముందు బయటపడుతుంది.

అనుమతి అడగడానికి కాకుండా కేవలం సమాచారం చెప్పడానికైతే, అసలు నలుగురు వెళ్లాలా అని ఆలోచించండి. రెండు పేజీల నోట్ పంపితే చాలేమో. అమెజాన్‌లో 2004లో దాని వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దని, రాసిన నోట్ తెమ్మని చెప్పాడు. ఆ నోట్‌ను మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా చదువుతారు. మన ఆఫీసుల్లో అంత మౌనం సాధ్యమా అంటే నాకూ అనుమానమే.

2. గదిలో ఎవరుంటారు?

కుర్చీలు గీసి పేర్లు రాయండి. ఒక్కొక్క పేరు కింద రెండు ముక్కలు: ఈయనకు ఏం కావాలి, ఈయనకు దేనికి భయం. ఎండీగారికి పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో కావాలి. ఫైనాన్స్ హెడ్‌కు, ఇవాళ ఆరు కూలర్లు ఇస్తే రేపు అరవై అడుగుతారేమోనని భయం. ప్లాంట్ మేనేజర్‌కు, ఊళ్లో కరెంటు పోతే జనరేటర్ డీజిల్ ఎవరి ఖాతాలో పడుతుందోనని భయం.

తర్వాత చేయాల్సింది చాలామంది చేయరు. మీటింగ్‌కు వారం ముందే వాళ్ల చెవిన ఒక మాట వేయాలి. ఫైనాన్స్ హెడ్ దగ్గరకు వెళ్లి, “సార్, శుక్రవారం ఇది తెస్తున్నాం. మీరు చూస్తే ఎక్కడ పట్టుకుంటారు?” అని అడగండి. ఇది కాకా పట్టడం కాదు. అందరి ముందు హఠాత్తుగా కొత్త ఖర్చు వినిపిస్తే ఎవరైనా ముందు ‘కాదు’ అనే అంటారు. గదిలో పదిమంది ముందు అన్న ‘కాదు’ను మళ్లీ ‘సరే’గా మార్చుకోవడం ఎంత పెద్దమనిషికైనా కష్టం. మా రెండో ప్రయత్నంలో ఆయన ముందే అడిగిన ప్రశ్న, పాత కూలర్ల మరమ్మతు ఖర్చు ఎంతని. ఆ అంకె మా దగ్గర లేనే లేదు. వారం ముందు అడిగాడు కాబట్టి తెచ్చుకోగలిగాం.

3. స్లైడ్లు పంచుకోకండి, బాధ్యతలు పంచుకోండి

మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో ప్రచురించాడు. గుంపులో మనుషులు పెరిగేకొద్దీ తలా లాగే బలం తగ్గింది. అందరూ ఒకేసారి లాగలేకపోవడం ఒక కారణం. పక్కవాళ్లు లాగుతున్నారులే అనే ధీమా కూడా ఉంటుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. “నువ్వు 1 నుంచి 7, నువ్వు 8 నుంచి 14” అని పంచుకున్న రోజున ఈ రెండూ మీ ఇంటికొచ్చి కూర్చుంటాయి.

దాని బదులు ఇలా పంచండి. ఒకరు కథకుడు: ఫైలు ఆయన దగ్గరే ఉంటుంది, ఏది ఉండాలో ఏది పోవాలో చివరి మాట ఆయనదే. ఇంకొకరు అంకెల కాపలా. మరొకరు గడియారం, కేబుళ్లు, గది చూస్తారు. నాలుగో మనిషి ఎదుటివాళ్ల పక్షాన కూర్చుని అడ్డంగా ప్రశ్నలు వేస్తూ ఉంటారు. ఇవి ఖాయమయ్యాక, ఎవరు మాట్లాడాలన్నది చూడండి. పావుగంట ప్రెజెంటేషన్‌లో నలుగురూ మాట్లాడాలన్న నియమం ఏమీ లేదు. ఇద్దరు మాట్లాడి, ఇద్దరు ప్రశ్నలకు జవాబిస్తే చాలు.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెబుతాను. పని చేసినవాళ్లే ఆ పని గురించి చెప్పాలి. ఊరూరా తిరిగి పాల శాంపిళ్లు తీసిన కుర్రాడిని లాప్‌టాప్ దగ్గర బటన్ నొక్కడానికి కూర్చోబెట్టి, ఆ ఊళ్ల మొహం చూడని మేనేజర్ ఆ స్లైడు చదవడం నేను చాలాసార్లు చూశాను. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఆ కుర్రాడికి ఇంగ్లిష్ తడబడుతుందా? తెలుగులో చెప్పనివ్వండి. గదిలో అందరూ తెలుగువాళ్లే అయినప్పుడు “యాక్చువల్లీ”, “బేసికల్లీ”లతో ఎవరిని మెప్పించాలి? తెలుగు రానివాళ్లు ఒకరిద్దరుంటే స్లైడు ఇంగ్లిష్‌లో పెట్టి, అతని మాటల సారం కథకుడు ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది. మేనేజర్‌గారికి మొదలుపెట్టే రెండు నిమిషాలు, కష్టమైన ప్రశ్నలు వదిలేయండి. వాళ్ల హోదాకు తగిన పని అది.

4. అంకెల పట్టిక

నన్ను ముంచింది ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

ఒక షీట్ తెరవండి. ప్రెజెంటేషన్‌లో కనిపించే ప్రతి అంకెకూ ఒక వరస. గడులు ఐదు: అంకె, యూనిట్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎక్కడి నుంచి తెచ్చాం, ఎవరు తెచ్చారు. పట్టికలో లేని అంకె స్లైడు మీదకు రాకూడదు, నోటివెంట కూడా రాకూడదు. పట్టికలో అంకె మారితే అది ఉన్న స్లైడ్లన్నీ మార్చే బాధ్యత అంకెల కాపలాదే.

ఎక్కువగా తప్పులు దొర్లేవి ఇవి. లీటర్లు, కిలోలు. ఆర్థిక సంవత్సరం, క్యాలెండర్ సంవత్సరం. జీఎస్టీ కలిపి, కలపకుండా. విదేశీ క్లయింట్ ఉంటే లక్షలు, మిలియన్లు: పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. కామాలు కూడా చూసుకోండి. మన 10,00,000ను అమెరికా మనిషి అచ్చుతప్పు అనుకుంటాడు. శాతాల దగ్గర ఇంకో చిక్కుంది. పులిసిన పాలు 4 శాతం నుంచి 2 శాతానికి దిగాయంటే, ఒకరు “2 శాతం తగ్గింది” అంటారు, ఇంకొకరు “50 శాతం తగ్గింది” అంటారు. “నాలుగు నుంచి రెండుకు దిగింది, అంటే సగమైంది” అని ఇద్దరూ ఒకేలా చెప్పాలని ముందే రాసి పెట్టుకోండి.

5. నేల మీద కథ

స్లైడ్ల బదులు చీటీలు తీసుకోండి. ఒక్కో చీటీ మీద ఒక్కో వాక్యం రాసి బల్ల మీదో నేల మీదో పరచండి. నలుగురూ నిలబడి అటూ ఇటూ జరపండి. తీసేయడం తెర మీద కంటే నేల మీద తేలిక. చీటీ మీద ఎవరికీ మమకారం ఉండదు. రెండు గంటలు కూర్చుని రంగులద్దిన స్లైడును తీసేయమంటే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది.

వరస ఎలా? మేం రెండోసారి పావుగంటకు వేసుకున్నది ఇది. మొదటి నిమిషంలోనే అడగాల్సింది అడిగేశాం: ఆరు కూలర్లు, ఇంత ఖర్చు, ఇన్ని నెలల్లో తిరిగొస్తుంది. తర్వాత నాలుగు నిమిషాలు ఒకే ఒక ఊరి కథ. సాయంత్రం పిండిన పాలు క్యాన్లలో బయల్దేరి శీతలీకరణ కేంద్రానికి చేరి 4 డిగ్రీలకు దిగేలోపు ఎంతసేపు ఎండవేడిలో ఉంటాయో, గంట గంటకు. తర్వాత ఐదు నిమిషాలు డబ్బు. మూడు నిమిషాలు, ఇది ఎక్కడెక్కడ బెడిసికొట్టవచ్చో మేమే చెప్పాం. చివర మళ్లీ అడిగాం. అడగాల్సింది ఆఖరి స్లైడుకు దాచుకునే అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, పెద్దవాళ్లు పదో నిమిషంలో ఫోనొచ్చి బయటకు వెళ్లిపోతే దాచుకున్నది దాచుకున్నట్టే ఉండిపోతుంది.

6. ఇప్పుడు స్లైడ్లు

శీర్షిక దగ్గర ‘పాల నాణ్యత విశ్లేషణ’ అని రాయకండి. ‘ఆరు ఊళ్ల సాయంత్రం పాలే ఎక్కువ పులుస్తున్నాయి’ అని రాయండి. శీర్షికలు వరసగా చదివితే కథ మొత్తం అర్థమవ్వాలి.

శీర్షిక ఎంత పని చేస్తుందో చెప్పే చేదు ఉదాహరణ ఒకటుంది. 2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ పైకి లేస్తున్నప్పుడు ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. అది ఎంత ప్రమాదమో ఇంజినీర్లు స్లైడ్లు తయారు చేసి నాసా అధికారులకు చూపించారు. ఒక కీలకమైన స్లైడు శీర్షిక చదివితే పెద్ద భయం లేదనిపిస్తుంది. తగిలిన ముక్క, పరీక్షల్లో వాడిన ముక్కల కంటే కొన్ని వందల రెట్లు పెద్దదన్న సంగతి మాత్రం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. లెక్కేస్తే 640 రెట్లు. ఫిబ్రవరి 1న షటిల్ తిరిగొస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. దుర్ఘటనకు ఆ ఒక్క స్లైడే కారణమని ఎవరూ అనలేదు. కానీ విచారణ సంఘం తన నివేదికలో ఆ స్లైడును అచ్చువేసి మరీ, ఇది చదివిన పెద్ద అధికారికి ప్రాణాపాయం సంగతి తట్టకపోవడం సహజమేనని తేల్చింది. మన కూలర్ల వల్ల ప్రాణాలు పోవు. అయినా ముఖ్యమైన మాట అట్టడుగు వరసలో ఉందేమో ప్రతి స్లైడుకూ చూసుకోండి.

మిగతావి గబగబా. అక్షరం ఆఖరి కుర్చీలోంచి చదవగలగాలి. ఊహించుకోకండి, వెళ్లి కూర్చుని చూడండి. ఎక్సెల్ షీట్‌ను యథాతథంగా అతికించకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు చాలా ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి రంగుతో పాటు మాట కూడా రాయండి. స్లైడ్లలో తెలుగు ఉంటే యూనికోడ్ ఫాంటే వాడండి. డీటీపీ షాపుల్లో కొట్టించిన అను ఫాంట్ల తెలుగు, ఆ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలవుతుంది. ఏదైనా సరే, పీడీఎఫ్ ఒకటి పక్కన ఉంచుకోండి.

7. అతుకులు

“ఇంతటితో నా భాగం ముగిసింది. ఇప్పుడు మా కొలీగ్ మాట్లాడతారు.” ఈ మాట వినగానే గదిలో ఫోన్లు బయటికొస్తాయి. ఒకరి చివరి వాక్యం తర్వాతివాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న కావాలి. మేం చేసింది ఇలా:

“...అంటే పాలు రెండున్నర గంటలు వేడిలోనే ఉంటున్నాయి. ఇందులో మనం పోగొట్టుకుంటున్న డబ్బెంతో మేడమ్ లెక్క తీశారు.”

“తీశాను. ఒక్క మే నెలకే తీశాను, ఎందుకంటే మిగతా నెలలు కలిపితే మీరు నమ్మరు.”

అందరూ నవ్వారు, ఒక్క ఫోనూ బయటికి రాలేదు. వంత పాట అంటే ఇదే. ప్రతి అతుకు దగ్గరా ఈ రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టండి. మిగతాదంతా మీ మాటల్లో చెప్పినా ఫర్వాలేదు. స్లైడ్లు మార్చే క్లిక్కర్ ఎలా చేతులు మారుతుంది, ఎవరు ఎటు జరుగుతారు అన్నది కూడా ఒకసారి నడిచి చూసుకోండి. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు మాట్లాడేవాళ్ల వైపే చూడాలి. మీరే ఆవలిస్తుంటే ఎదుటివాళ్లు ఎందుకు వింటారు?

8. మూడు రిహార్సల్స్

మొదటిది కూర్చుని, ఫైలు చదువుకుంటూ, అంకెల పట్టిక పక్కన పెట్టుకుని. రెండోది నిలబడి, గడియారం పెట్టి. అరగంట ఇచ్చారంటే 18 నిమిషాలకే సిద్ధం కండి. ఐదు నిమిషాలు ఎండీగారు ఆలస్యంగా వస్తారు, మిగతాది ప్రశ్నలు తింటాయి. సమయం సగానికి కోస్తే ఏ స్లైడ్లు వదలాలో అక్కడే గుర్తు పెట్టుకోండి. మూడోది ఈ విషయం ఏమాత్రం తెలియని ఇంకో విభాగం మనిషిని కూర్చోబెట్టి. ఆయన మొహం ఎక్కడ చిట్లించాడో అక్కడ మీ వివరణ తప్పింది.

మూడో రిహార్సల్‌లో ఒకసారి పక్కవాళ్ల భాగం మీరు చెప్పి చూడండి. మీటింగ్ రోజున ఎవరికో ఒకరికి జ్వరమో, పిల్లాడి స్కూల్ నుంచి ఫోనో వస్తుంది.

9. ఆ రోజు

అరగంట ముందు గదిలో ఉండండి. కేబుల్, అడాప్టర్, పెన్‌డ్రైవ్‌లో ఫైలు, రెండో లాప్‌టాప్‌లో ఇంకో కాపీ. తెరకు కలిపిన లాప్‌టాప్‌లో వాట్సాప్ మూసేయండి. ఫ్యామిలీ గ్రూప్‌లో అత్తయ్యగారి పట్టుచీర ఫోటో బోర్డు మీటింగ్‌లో కనిపించడం నాకు తెలుసు, ఎలా తెలుసని అడగకండి. పవర్‌పాయింట్ నడుస్తున్నప్పుడు కీబోర్డు మీద ‘బి’ నొక్కితే తెర నల్లబడుతుంది, చర్చ మొదలైనప్పుడు బాగా పనికొస్తుంది. స్లైడు నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది. “ఆ మరమ్మతు లెక్క మళ్లీ చూపించండి” అన్నప్పుడు పదిహేను స్లైడ్లు వెనక్కి నొక్కుతూ పోనక్కర్లేదు.

ఆన్‌లైన్ అయితే తెర చూపించేది ఒక్కరే. రెండో మనిషి అదే ఫైలు తెరిచి సిద్ధంగా ఉండాలి, నెట్ పోయిన క్షణంలో అందుకోవడానికి. చాట్ చూడటానికి ఒకరు. అమెరికా క్లయింట్ ఉంటే గడియారం మార్పు మరవకండి: హైదరాబాద్‌లో రాత్రి 8:30 అంటే న్యూయార్క్‌లో ఎండాకాలం ఉదయం 11, చలికాలం 10. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారతాయి.

10. ప్రశ్నలు

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకరుంటారు. అవధాని పద్యం మీద ధ్యాస పెట్టినప్పుడు సంబంధం లేని ప్రశ్న వేసి దారి తప్పించడమే ఆయన పని. మంచి అవధాని ఆయన్ను విసుక్కోడు, ఆయన వెంట కొట్టుకుపోడు. ఒక చమత్కారంతో జవాబిచ్చి మళ్లీ పద్యం దగ్గరకు వచ్చేస్తాడు. మీ మీటింగ్‌లోనూ ఈయన తప్పకుండా ఉంటాడు, “అది సరేగానీ, క్యాంటీన్‌లో పెరుగు సంగతేంటి?” అంటూ. “అది కూడా చల్లగా ఉండాల్సిందే సార్, మీటింగ్ అయ్యాక కలుస్తాను” అని చెప్పి ముందుకు సాగండి.

అసలు ప్రశ్న ఏదైనా ముందు కథకుడి దగ్గరకే రావాలి. ఆయన దాన్ని ఒకసారి తిరిగి చెప్పి, “దీనికి క్వాలిటీ మేడమ్ చెబుతారు” అని ఆ మనిషికి అప్పగిస్తాడు. ఆ నాలుగు సెకన్లు మేడమ్‌కు ఊపిరి తీసుకోవడానికి సరిపోతాయి. ఒకరు చెప్పిన జవాబుకు మిగిలిన ముగ్గురూ తలో తోక తగిలించకండి. పక్కవాళ్లు అంకె తప్పు చెబితే మాత్రం ఊరుకోవద్దు: “చిన్న సవరణ సార్, అది ఏప్రిల్ లెక్క, మేలో ఇంత.” తెలియకపోతే, “ఇప్పుడు నా దగ్గర లేదు, రేపు సాయంత్రంలోగా పంపిస్తాను” అనండి. నలుగురిలో ఒకరు ఆ మాటను అక్కడికక్కడే రాసుకోవాలి.

11. ఆ సాయంత్రమే

ఇంటికి వెళ్లేలోపు ఒక మెయిల్ పంపండి. ఏం నిర్ణయించారు, ఎవరు ఏం చేస్తామన్నారు, మేం పంపాల్సిన జవాబులేవి, ఎప్పటికి. ఎనిమిది వరసలు దాటనివ్వకండి. స్లైడ్లు, అంకెల పట్టిక జత చేయండి. పని చేసిన నలుగురి పేర్లూ కింద రాయండి, శాంపిళ్లు తీసిన కుర్రాడి పేరుతో సహా. జవాబు రాకపోతే వారం తర్వాత ఫోన్ చేసేది ఎవరో కూడా అప్పుడే అనుకోండి. మాకు ఆరు అడిగితే నాలుగే ఇచ్చారు. మిగతా రెండింటి కోసం ఫోన్ చేసే పని నా మీద పడింది, మూడుసార్లు చేయాల్సి వచ్చింది.